నాలుగోసారి తీసిన మూత

"అత్తయ్యా, మళ్లీ మూత తీశారా! తీసిన ప్రతిసారీ వంట అరగంట వెనక్కి పోతుందని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నానా?"

కొరిన్ విసురుగా మూత పెట్టేసింది. సన్న సెగ మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో గుమ్మడి ముక్కలు ఇంకా గుండ్రాళ్లలాగే ఉన్నాయి. ఆరింటికల్లా థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి చుట్టాలు దిగుతారు. సూప్ అయినట్టే!

"ఇది నాలుగోసారి. నా వంట మీద అంత అనుమానమా?"

లోర్నా తల అడ్డంగా ఊపింది. "అది కాదమ్మా. మొన్నటి జ్వరం దగ్గర్నుంచీ నాకు వాసనలు తెలియట్లేదు. జాజికాయ వేశావుగా, ఇప్పుడైనా తెలుస్తుందేమోనని..."

"తెలిసిందా?"

"లేదు."

కొరిన్ గడియారం వంక చూసింది. నాలుగున్నర.

ఐదోసారి మూత తనే తీసింది.

"రండి అత్తయ్యా, ఇంకాస్త దగ్గరికి వంగండి."