ఆదివారం పుస్తకాలు

"మళ్ల ఆగినవా నవతా? జర నడువు. అమ్మ నాంపల్లి స్టేషన్ల దిగే టైమయింది."

ముందు నడుస్తున్న శ్రీశైలం వెనక్కి వచ్చాడు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు అతని భార్య కూర్చుని ఉంది. ఒడిలో ఒక పుస్తకం తెరిచి ఉంది.

"ఐదు నిమిషాలు," అంది తల ఎత్తకుండా.

"నీ పుస్తకాల పిచ్చి పాడుగాను! మా ఆఫీసుల అందరికీ చెప్తుంట, మా ఇంటామె పుస్తకం కనవడితే కదలదని. సరే తియ్యి, కొనిస్త."

నవ్వుతూ వంగి పుస్తకం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది ఉర్దూ గదా! నీకు ఉర్దూ రాదు."

నవత పుస్తకం మూసింది.

"నాకు ఇరవై రెండేండ్లప్పుడు క్యాన్సరొచ్చి తగ్గింది గదా. అప్పటి మందులకు గుండె బలహీనమైందంట. జర దూరం నడిస్తే ఆయాసమొస్తది. కూసుంటే తగ్గుతది."

"డాక్టర్ ఎప్పుడు చెప్పిండు?"

"పెండ్లయిన ఏడాదికి."

"మూడేండ్లాయె! నాకెందుకు చెప్పలే?"

"పూర్తిగ తగ్గిందంటేనే మీవోళ్లు పెండ్లికి ఒప్పుకున్నరు. మళ్ల ఏమని చెప్పాలె?"

శ్రీశైలం జేబులో ఫోన్ మోగింది. అమ్మే అయి ఉంటుంది. తీయకుండా ఆమె పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు.

"మరి ఇంట్ల అల్మారా నిండ ఉన్న పుస్తకాలు?" అడిగాడు.

"నేను ఆగిన కాడల్లా నువ్వొకటి కొనిచ్చినవు," అంది నవత. "ఒక్కటి గూడ సదవలే."