గోడ దిగిన ఫోటో

డ్రిల్లు గోడలోకి ఇంకా సగం కూడా దిగలేదు, అవతలి పక్క ఫెళ్ళున ఏదో పగిలింది.

ఆమె మెషిన్ ఆపి గోడకు చెవి ఆనించింది. అది రెండిళ్ళకూ కలిపి ఉన్న ఒకే గోడ. అవతల పక్కింటి ఆంటీ ఒక్కతే ఉంటుంది. చర్చి పాటల బృందానికి బట్టలు కుట్టేది ఆవిడే.

మొగుడు చెప్పనే చెప్పాడు, "సెలవురోజు నేను బిగిస్తాలే, నువ్వు ముట్టుకోకు" అని. వింటేగా! పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కొళాయి వాషర్ మార్చింది తనే, కిటికీలకు రంగు వేసింది తనే. బైబిళ్ళు, పాటల పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక్క షెల్ఫ్ బిగించలేనా అనుకుంది. వడ్రంగి దగ్గర డ్రిల్లు అరువు తెచ్చుకుంది. నిన్న అది మోసుకొస్తుంటే ఆంటీ గేటు దగ్గర ఎదురై, "ఏ గోడకమ్మా?" అని అడిగింది కూడా. "ఉమ్మడి గోడకే ఆంటీ, రేపు పొద్దున!" అని గొప్పగా చెప్పింది.

ఇప్పుడు ఆ గొప్పంతా ఆవిరైపోయింది. తలుపు తట్టిన చప్పుడైతే డ్రిల్లును సోఫా కిందకి తోసేసి తలుపు తీసింది.

ఎదురుగా ఆంటీ. చేతిలో అద్దం పగిలిన ఫోటో. ఎప్పుడో చనిపోయిన అంకుల్‌ది.

"చూశావా తల్లీ! ప్రభువు జవాబిచ్చేశాడు!"

"ఏ... ఏమైంది ఆంటీ?"

"చర్చిలో ఆర్గన్ వాయించే మాస్టారు లేరూ? పెళ్ళి చేసుకుందామా అని అడిగారే నన్ను. ఈ వయసులో నలుగురూ నవ్విపోతారని నాన్చుతూ వచ్చాను. నీకు ఇష్టమైతే ఒక్క గుర్తు చూపించు ప్రభువా అని అడిగాను. ఇదిగో, మా ఆయన తనంతట తనే గోడ దిగిపోయాడు!"

చెబుతూనే ఆంటీ, ఆమె జుట్టు మీది తెల్లటి సున్నం పొడిని చేత్తో దులిపింది. అదేమిటని అడగలేదు, పిచ్చితల్లి.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు పెగల్లేదు. ఆంటీ ముఖంలో అంత వెలుగు చూశాక ఎవరికి మాత్రం పెగులుతుంది?

ఆదివారం ఆంటీ చర్చిలో ఫోటో పడిన సంగతి అందరి ముందూ సాక్ష్యంగా చెప్పింది. హాలంతా స్తోత్రాలే స్తోత్రాలు. ఇన్నాళ్ళూ ఈ పెళ్ళి మాటెత్తితే అగ్గిమీద గుగ్గిలమయ్యే ఆంటీ ఆడపడుచు కూడా కళ్ళొత్తుకుంది.

"మా అన్నే దిగొచ్చి దారిచ్చాక, అడ్డం పడ్డానికి నేనెవర్ని వదినా!" అని ఆంటీని కావలించుకుంది.

వెనక వరుసలో మన అమ్మాయి మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత ముఖం పెద్దమనిషిలా పెట్టి, "నోరు విప్పావంటే పెళ్ళి చెడుతుంది. ఆ పాపం నీదే" అన్నాడు.

"విప్పకపోతే?"

"అదీ నీదే."

మంచి మొగుడే దొరికాడు!

వివాహ ప్రకటనలు మొదలయ్యాయి. వరసగా మూడు ఆదివారాలు పాస్టరుగారు వధూవరుల పేర్లు చదివి, ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పాలని అడుగుతారు. మామూలుగా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఆమెకు మాత్రం తననే వేలెత్తి చూపించి అడిగినట్టుండేది. మొదటిసారి దగ్గు నటించింది. రెండోసారి పాటల పుస్తకంలో తల దూర్చేసింది.

ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. బిగించకుండా మూలన పెట్టేసిన షెల్ఫ్ వంక చూస్తే భయం. మోకరిస్తే, క్షమించమని అడిగే చోటికి వచ్చేసరికి ప్రార్థన ఆపి లేచిపోయేది. దేవుడు అనని మాటను దేవుడి నోట్లో పెట్టింది తను. రేపు ఆ పెళ్ళి కలిసిరాకపోతే ఆవిడ ఎవరిని తిట్టుకోవాలి?

ఇది చాలదన్నట్టు ఆంటీ ఒకరోజు, "నా పెళ్ళికి సాక్షి సంతకం నువ్వే పెట్టాలమ్మా" అంది. ఎవరూ దొరకనట్టు!

చివరి ప్రకటన ముందురోజు ఇక ఆగలేక ఆంటీ ఇంటికి వెళ్ళింది. ఆంటీ మిషన్ ముందు కూర్చుని తన పెళ్ళి గౌను అంచు కుట్టుకుంటోంది. ఆ తెల్లగుడ్డ చూడగానే ఈమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నన్ను క్షమించండి ఆంటీ. ఆ రోజు ఫోటో దానంతట అది పడలేదు. నేను గోడకి డ్రిల్లు పెట్టాను. ఆ అదురుకి పడింది. అది దేవుడి గుర్తు కాదు, నా నిర్వాకం!"

మిషన్ ఆగింది. ఆంటీ ముఖం పాలిపోయింది. ఎంత పని చేశాను, ఆవిడ గుండె ముక్కలు చేశానే అనుకుంది ఆమె.

"ఎవరికైనా చెప్పావా?" అంది ఆంటీ మెల్లిగా.

"మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రేపు పాస్టరుగారికి చెప్పేస్తాను. ఈ పాపం నేను మొయ్యలేను ఆంటీ."

"వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను!"

ఆంటీ గబుక్కున లేచి తలుపు వేసొచ్చింది. ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలోకి చూడలేక తల దించుకుంది.

"ఆయన ఫోటో ఇన్నేళ్ళూ ఆ వెనక గదిలోనే ఉండేది తల్లీ, నువ్వు డ్రిల్లు తెచ్చుకున్నావని తెలిశాక నేనే దాన్ని తెచ్చి, ఈ గోడకి వదులు మేకు చూసి మరీ తగిలించాను."