కిటికీ కింద కుక్క

రాత్రి రెండింటికి ముసలి టైలర్‌ను వార్డు నుంచి ఆసుపత్రి వెనకవైపున్న ఐసీయూకి మార్చారు. తెల్లారేదాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. కూతురు ఐసీయూ బయటి వరండా కిటికీలోంచి కిందికి చూసింది. సాయంత్రం నుంచి వార్డు కిటికీ కింద పడుకున్న నాన్న కుక్క ఇప్పుడు ఈ కిటికీ కింద కూర్చుని పైకి చూస్తోంది.

“దానికెవరు చెప్పారు సిస్టర్?”

“నన్నడుగుతావేంటమ్మా? నాకే అప్పటికప్పుడు చెప్పారు,” అంది నర్సు.

కాసేపటికి కుక్క లేచి, తోక ఊపుతూ గేటు వైపు నడిచింది. నాలుగడుగులకోసారి ఆగి, పక్కకు తలెత్తి చూసి, మళ్లీ కదిలింది. మోకాళ్ల నొప్పులున్న నాన్న పక్కన అది రోజూ అలాగే నడుస్తుంది. ఈసారి పక్కన ఎవరూ లేరు.

“ఆగవే తల్లీ! నాన్న ఇక్కడే ఉన్నాడు,” అంది కూతురు, అద్దానికి నుదురానించి.

గేటు కింద కుక్క దూరేంత సందు ఉంది. అయినా వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి గేటు బార్లా తెరిచాడు.