రేకు మందం

“ఇది వద్దు,” అన్నాడు తండ్రి. కొట్టాయన ఆ పెట్టెను అట్టలోంచి ఇంకా పూర్తిగా బయటికి తీయనేలేదు.

కూతురు పళ్ళు బిగబట్టింది. పాత కంప్యూటర్లు అమ్మే ఆ వీధిలో పొద్దున్నుంచి ఇది మూడో కొట్టు. ఇక మిగిలింది కూడా ఇదొక్కటే. శనివారం కాబట్టి రెండింటికల్లా షట్టర్ దించేస్తారు.

“ఎందుకొద్దు?”

“రేకు పల్చన. గోరు నొక్కితే సొట్ట పడేలా ఉంది.”

“నాన్నా, నేను కొంటున్నది బీరువా కాదు.”

ఆమె చేతిలో చీటీ ఉంది. ఎనిమిది కోర్ల ప్రాసెసర్. ముప్పై రెండు జీబీ మెమరీ, తర్వాత పెంచుకునే వీలు. రెండు డిస్కులు, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉండేలా. కరెంటు తక్కువ తాగాలి. అన్నిటికంటే ముందు, ధర ఆమె పర్సుకు అందాలి.

నాలుగు క్లినిక్‌ల అపాయింట్‌మెంట్లు, రోగుల వివరాలు వాళ్ళింట్లోని సర్వర్ మీదే నడిచేవి. ఒకే పెట్టె, లోపల నాలుగు వేరు వేరు కంప్యూటర్లు ఉన్నట్టు. ఒక ఇంట్లో నాలుగు వాటాల లాంటిదది. ఒక వాటాలో పొయ్యి ఆరిపోయినా పక్క వాటాకు తెలియదు. ఆ పని మొదలుపెట్టింది తల్లి. తల్లి పోయి ఏడాదైంది. సర్వర్ బోర్డు కాలిపోయి తొమ్మిది రోజులైంది. డిస్కులు బతికాయి, అంతే. సోమవారానికి నడవకపోతే ఇంకెవరినైనా చూసుకుంటామని క్లినిక్‌ల వాళ్ళు కచ్చితంగా చెప్పేశారు.

ఆ తొమ్మిది రోజులుగా తండ్రికి కోపం ముక్కు మీదే ఉంది. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. పలకరిస్తే గయ్యిమంటున్నాడు.

పాత సర్వర్ హాల్లో, ఆయన మంచం తల దగ్గరే ఉండేది. విమానం లేస్తున్నట్టు మోత. పన్నెండేళ్ళు ఆ మోత గురించి మొగుడూ పెళ్ళాం కీచులాడుకోని రోజు లేదు.

“ఆ పిండిమర ఆపవే, చెవులు పగిలిపోతున్నాయి!”

“ఆ చెవులు ఎన్నడైనా నా మాట విన్నాయా? పగిలితే పగలనీండి.”

అందుకే కూతురు చిన్న పెట్టెల కోసం వెతుకుతోంది. ఆఫీసుల్లో మూడేళ్ళు వాడి తీసేసినవి. టిఫిన్ డబ్బా అంత ఉంటాయి.

కొట్టాయన ఓపికస్తుడు. ఇంకోటి తెచ్చి మీట నొక్కాడు. “చూడండి బాబాయ్‌గారూ. ఇది నడుస్తోందో లేదో లైటు చూసి తెలుసుకోవాల్సిందే.”

తండ్రి వంగి చెవి ఆనించాడు. ముప్పై ఏళ్ళు మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. చెవితో విని బేరింగు జబ్బు చెప్పేవాడు. కాసేపు విని నడుం ఎత్తాడు.

“వద్దు.”

“దీనికేం వచ్చింది?” అంది కూతురు.

“బరువు లేదు.”

“మేం కిలోల లెక్కన అమ్మడం లేదండీ,” అన్నాడు కొట్టాయన నవ్వు ఆపుకుంటూ.

తండ్రి చూపు మూలనున్న వెడల్పాటి ఇనప పెట్టె మీద పడింది. దగ్గరికెళ్ళి వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

“ఇదీ రేకంటే. దీని సంగతేంటి?”

“పాత సర్వరండీ. చవకే. మెమరీ కూడా బోలెడుంది. కాకపోతే కరెంటు గటగటా తాగుతుంది.”

“నడిపించు.”

తండ్రి మళ్ళీ చెవి ఆనించాడు. ఈసారి కళ్ళు కూడా మూసుకున్నాడు. మొహం చిట్లించాడు.

“ఇది సరిగ్గా తిరగడం లేదే?”

“ఫ్యాన్లు మార్చానండీ. మెత్తగా తిరిగేవి వేశాను.”

“ఎవడు మార్చమన్నాడు నిన్ను? కంపెనీవాడు బిగించినవి పీకడానికి నువ్వెవరివి? పాతవేవీ?”

“తుక్కులో పోయాయండీ.”

“అయితే ఇదీ వద్దు.”

కూతురు చీటీని బల్ల మీద కొట్టింది.

“నీకు ఏ పెట్టే వద్దు నాన్నా. అసలు సంగతి అది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమెను సాధించావు. ఇప్పుడు ఇల్లు సద్దుమణిగింది. ఇలాగే ఉండిపోవాలి నీకు. అమ్మ పని నా చేతుల్లో చచ్చిపోయినా ఫర్వాలేదు. అంతేగా?”

కొట్టాయన తుడిచిన బల్లనే మళ్ళీ తుడవసాగాడు.

తండ్రి “నీ ఇష్టం,” అని బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె టిఫిన్ డబ్బా లాంటిదే కొన్నది.

ఆదివారం మధ్యాహ్నానికి నాలుగు వాటాలూ వెలిగాయి. పెట్టెను మంచం తల దగ్గర, పాతదాని చోటే పెట్టింది.

“ఏమైనా వినిపిస్తోందా?”

“ఏం లేదు.”

“మరి? ఇక హాయిగా పడుకో. రేపు పెరట్లో పడున్న ఆ కాలిపోయినదాన్ని తుక్కువాడికి వేసెయ్.”

ఆయన “ఊఁ” అన్నాడు. పనిముట్ల సంచి తీసుకుని పెరటి వైపు నడిచాడు.

సోమవారం ఆమె నాలుగు క్లినిక్‌లూ తిరిగింది. అన్నీ నడుస్తున్నాయి. ఒక డాక్టరమ్మ అయితే, మీ అమ్మ ఉన్నప్పటికంటే వేగంగా ఉందని కూడా అంది. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చి గేటు తీస్తుండగానే లోపల్నుంచి మోత వినిపించింది.

కొత్త పెట్టె తగలబడుతోందేమోనని చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది. అది చల్లగా, చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటోంది.

దాని పక్కనే, కాలిపోయిన సర్వర్‌లోంచి ఊడదీసి చెక్కకు బిగించిన నాలుగు ఫ్యాన్లు చెవులు పగిలేలా తిరుగుతుంటే, వాటి వైపు తల పెట్టుకుని తండ్రి, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.