వరస తప్పిన భోజనం

“ఒరేయ్, తల వంచు! వంచమంటుంటే!”

బావమరిది బిత్తరపోయి బల్ల మీదికి వంగాడు. బావ అప్పటికే మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏమైంది బావా?”

“పప్పు గిన్నె దగ్గర ఆకుపచ్చ చీరావిడ. చూడకు! చూడొద్దంటే అటే చూస్తావేంరా?”

“ఎవరావిడ?”

“ప్రతి మంగళవారం నా ఎదురుగా కూర్చునే ఆవిడ. డైట్ చార్టు.”

“ఓహో, ఆ వ్యవహారమా!” బావమరిది కిసుక్కున నవ్వాడు.

బావకి ఒళ్లు మండింది. ఈ బఫే కోసం పొద్దున టిఫిన్ కూడా మానేశాడు మరి! బఫే అంటే జనం అన్నీ ఒకే ప్లేటులో గుట్టగా పోసుకుంటారు. బావకి అది చూస్తేనే చిరాకు. భోజనానికి ఒక వరస ఉంది. ముందు నెయ్యి కారేలా పప్పన్నం, నంజుకోడానికి వేపుడు. తర్వాత తీపీ పులుపూ కలిసిన పులుసు. దాని వెనక పొగలు కక్కే చారు. చివర్న గడ్డపెరుగు, ఆపైన మిఠాయి. నాలుక మీద కారం మండితే చల్లార్చడానికి వెనకాల పెరుగు కాచుకుని ఉండాలి, అప్పుడే అది భోజనం. అందుకే ఆయన ఒక్కోదానికీ ఒక్కోసారి లేచి వెళ్తాడు. ఇవాళ ఆ అలవాటే కొంప ముంచింది.

మొదటిసారి లేచేసరికి ఆవిడ నెయ్యి గిన్నె దగ్గర నిలబడి ఉంది. గరిటె పట్టుకుని నాలుగు వైపులా చూస్తోంది. బావ చటుక్కున పక్కకి తిరిగి నాలుగు కీరాముక్కలు వేసుకొచ్చాడు.

“అదేంటి బావా, మేత?”

“నోర్ముయ్. మొన్న గంటసేపు ఇదే గొడవ. అన్నం గుప్పెడే, నెయ్యి చుక్క కూడా వద్దు, మిఠాయి పేరెత్తకూడదు. సరేనంటే సరేననుకున్నాం. ఇప్పుడు నా ప్లేటులో నెయ్యి కనబడితే, మంగళవారం ఏ మొహం పెట్టుకుని కూర్చోను?”

“పోనీ, బరువేమైనా తగ్గిందా?”

“మూడు నెలలైంది. ఆ మిషను ముల్లు అరకిలో కదిలితే ఒట్టు!”

రెండోసారి పులుసుకని బయల్దేరాడు. స్తంభం చాటునుంచి ఆకుపచ్చ కొంగూ, రెండు కళ్లూ కనిపించాయి. ఆ కళ్లు సూటిగా ఆయన మీదే ఉన్నాయి. క్యారెట్ తురుముతో వెనక్కొచ్చాడు. మూడోసారి ఆవిడ మిఠాయిల బల్ల దగ్గర పాతుకుపోయి ఉంది. ఈయన్ని చూడగానే ఠక్కున నిటారుగా నిలబడింది. ఉడికించిన బీన్స్ తెచ్చుకున్నాడు.

“కాపలా కాస్తోందిరా! నేను తిందామనుకున్న ప్రతిదాని దగ్గరా తనే!” అన్నాడు పళ్లు కొరుకుతూ.

బావమరిదికి మాత్రం ఏ అడ్డూ లేదు. పప్పన్నం ముద్ద మీద ముద్ద లాగిస్తున్నాడు. “ఇదిగో, ఈ ముద్ద అందుకో. నేను అడ్డంగా కూర్చుంటా.”

బావ చెయ్యి చాపాడు. స్తంభం పక్కన కొంగు కదిలింది. చాపిన చెయ్యి మళ్లీ కీరాముక్క మీదికే వెళ్లింది.

“టైమైపోయింది సార్, బఫే తీసేస్తున్నాం,” అన్నాడు సర్వరు. పప్పు గిన్నె కళ్లముందే లోపలికెళ్లిపోతుంటే బావకి నిజంగానే ఏడుపొచ్చింది.

“మనిషన్నాక ఒక్కపూట నోటికి రుచిగా తినకూడదా? ఏం పాపం చేశానురా నేను?”

“అదేదో వెళ్లి ఆవిడకే చెప్పు.”

వెళ్లక్కర్లేకపోయింది. ఆవిడే నేరుగా వీళ్ల బల్ల దగ్గరికి వస్తోంది. చేతిలో ఒక ప్లేటు, దానిమీద బోర్లించిన ఇంకో ప్లేటు. బావ లేచి నిలబడ్డాడు. ఇక దాచేదేముంది, నెయ్యి కోసమే వచ్చానని చెప్పేద్దామని నోరు తెరిచాడు.

ఆవిడ ఆయన ప్లేటులో మిగిలిన కీరా, క్యారెట్, బీన్స్ వంక చూసి తల దించుకుంది. చేతిలోని ప్లేట్ల సందులోంచి జామూన్ పాకం బొట్లుబొట్లుగా కారుతోంది.

“మీ చార్టు తప్పాను, ఈ ఒక్కసారికి క్షమించండి డాక్టరుగారూ!”