వెలగని పూస

మనసుకు నిజంగా నచ్చితే పచ్చగా వెలిగే పూసలు ఇప్పుడు అందరి మణికట్లకూ ఉన్నాయి. వెలగకపోతే వెనకవాళ్లకు తెలిసిపోతుందని కాకినాడ సంగీత సభల్లో ముందు వరుసలో కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. భీమశంకరం మాత్రం అక్కడే కూర్చుని, ఎప్పటిలాగే తొడ మీద తాళం వేస్తూ తోడి రాగంలో ఒక కీర్తన విన్నాడు. తాళం ఎక్కడా తప్పలేదు. ఆ చేతికున్న పూస మాత్రం ఒక్కసారి కూడా వెలగలేదు.

ఇంటికొచ్చి, గది తలుపు వేసుకుని అదే కీర్తన ఒంటరిగా విన్నాడు. అప్పుడూ వెలగలేదు.

"ఇన్నేళ్లూ నటించానన్నమాట," అన్నాడు వంటింట్లోకి వచ్చి.

భార్య రాజ్యం గోంగూర ఆకులు తుంచుతోంది. "తోడిని ఎలా గుర్తుపట్టాలండీ? ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతాను," అంది.

ఆయన పీట వాల్చుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రాగంలో గాంధార స్వరాన్ని ఎలా ఊపాలో పాడి చూపించాడు. పాడుతుండగానే పూస పచ్చగా వెలిగింది. ఆయన టక్కున ఆపేశాడు.

"చూశావా, నాకు సంగీతం ఇష్టం కాదు. నాకు తెలుసని చూపించుకోవడం ఇష్టం."

రాజ్యం ఇంకో ఆకు తుంచింది. ఆయన చూపు ఆవిడ మణికట్టు మీద పడింది. అక్కడ పూస వెలగకుండా నల్లగానే ఉంది.

"నీకు తోడి నచ్చదా?"

"పెళ్లయినప్పటి నుంచీ నచ్చదండీ," అంది ఆవిడ, ఇంకో గోంగూర కట్ట విప్పుతూ. "గాంధారం దగ్గర ఆపేశారు. తర్వాతేంటో చెప్పండి."