ఎడమ స్తంభం

"మళ్ళీ అదే మూల! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" కోచ్ గయ్యిమన్నాడు. మైదానం మూలనుంచి కొట్టిన కార్నర్ కిక్‌కి ఫుట్‌బాల్ గోల్ ఎడమ స్తంభాన్ని రాసుకుంటూ వలలో పడింది.

గోల్‌కీపరైన అతని చిన్నకూతురు బంతిని తీసి విసిరేసింది.

అక్క పోయిన దగ్గర్నుంచి పిల్ల ఆ వైపు చూడ్డమే మానేసిందని అతని అనుమానం. కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా, డిఫెండరైన పెద్దకూతురు ఆ స్తంభం మీద చెయ్యి ఆన్చి నిలబడేది. మాయదారి జ్వరం ఆమెను ఎత్తుకుపోయింది.

అతను దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు. "నీ బాధ నాకు తెలుసు తల్లీ. ఆటలోకి దిగాక గుండె రాయి చేసుకోవాలి."

"ఎంత దూకినా ఆ మూల నాకు అందదు నాన్నా. అక్కడ డిఫెండర్ ఉండి తీరాలని నువ్వే కదా నేర్పావు?"

"అవును, అయితే?"

"మరి ఎవర్ని పెట్టావు?"

కోచ్ తిరిగి చూశాడు. డిఫెండర్లందర్నీ తనే భుజాలు పట్టుకుని ఎక్కడివాళ్ళనక్కడ నిలబెట్టాడు. ఎడమ స్తంభం దగ్గర ఎవరూ లేరు. నిన్నా లేరు, మొన్నా లేరు.

కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచాడు.

"ఆ స్తంభం దగ్గర నిలబడమ్మా. ఒక చెయ్యి దానిమీద ఆన్చు. ఇక గోల్ ఎక్కడుందోనని వెనక్కి చూసుకోనక్కర్లేదు."

"చెయ్యి ఎక్కడ ఆన్చాలి సార్?"

కోచ్ స్తంభం వైపు ఓ అడుగు వేసి ఆగిపోయాడు.

చిన్నకూతురే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకెళ్ళి, అక్క చెయ్యి రాసుకుని రంగు పోయిన చోట ఆనించింది.